13 సెకన్ల రీల్ పెట్టే మిత్రులకు ఒక బహిరంగ లేఖ

తెలుగులో ఫైట్ వీడియోలు చేసి పెట్టే మిత్రులందరికీ నమస్కారం.

నేను గాజువాకలో ఒక మేడ మీద గదిలో సాయంత్రాలు కిక్‌బాక్సింగ్ నేర్పుతుంటాను. పెద్ద జిమ్మేమీ కాదు. నాలుగు మ్యాట్లు, రెండు బ్యాగులు, వానాకాలంలో కారే ఒక మూల, అంతే. స్కూలు పిల్లలు వస్తారు, షిఫ్ట్ దిగి వచ్చే కుర్రాళ్లు వస్తారు. వాళ్లలో ఒక పదహారేళ్లవాడు పోయిన నెలలో స్పారింగ్‌కి ముందు రెండు చేతులూ అడ్డదిడ్డంగా ఊపుకుంటూ మ్యాట్ చుట్టూ తిరిగి, ఎదురుగా నిలబడ్డవాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్లని కూడా కలిపి. ఏంట్రా ఇది అంటే "మైండ్ గేమ్ సార్" అన్నాడు. వాడికి కాలెత్తి కిక్ కాచుకోవడం ఇంకా రాలేదు. మైండ్ గేమ్ మాత్రం వచ్చేసింది.

వాణ్ణి కూర్చోబెట్టి, తొడ మీద తన్నే లో కిక్ ఎలా కొట్టాలో చెబుతూ మాటల్లో జోసె ఆల్డో పేరెత్తాను. గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన ఎంఎంఏ ఆటలో చాంపియన్‌గా ఏలిన బ్రెజిల్ ఫైటర్ ఆయన. "ఎవరు సార్, ఆ 13 సెకన్లోడా?" అని నవ్వాడు. పక్కనున్న ముగ్గురు కూడా నవ్వారు. ఫోన్ తీసి చూపించాడు. మీరు చేసిందే. మీలో ఎవరు చేశారన్నది నాకు అనవసరం, ఎందుకంటే ఆ తర్వాత వెతికితే అలాంటివే ఇంకో పది దొరికాయి. అన్నిట్లోనూ ఒకటే వరస: ఐర్లండ్ ఫైటర్ కానర్ మెక్‌గ్రెగర్ ఆల్డో చాంపియన్ బెల్ట్ లాక్కోవడం, వెనక సినిమా హీరో తొడగొట్టినప్పుడు వచ్చే బీజీఎం, ఆ పైన ఒక్క ఎడమ చెయ్యి, ఆల్డో ముఖం మీద పడిపోవడం, ఆ ముఖం మీదున్న మచ్చని జూమ్ చేసి ఒక వెకిలి కామెంట్.

ఆ రీల్ తీసెయ్యమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ దెబ్బ నిజం. 2015 డిసెంబరు 12న లాస్ వేగస్‌లో పడింది, ఫైట్ 13 సెకన్లలో ముగిసింది, మనకి అప్పుడు ఆదివారం పొద్దున్న. నేను టీ పొంగుతోందని వంటింట్లోకి వెళ్లి గ్లాసు పట్టుకుని వచ్చేసరికి రిఫరీ ఆపేశాడు. పదేళ్లపాటు ఓటమి తెలియని మనిషి నేల మీద ఉన్నాడు. ఆ టీ తాగానో లేదో కూడా గుర్తులేదు. కాబట్టి ఆ 13 సెకన్లు మీకన్నా నాకు బాగా గుర్తున్నాయి. నా గొడవంతా ఆ 13 సెకన్లతో మీరు చెబుతున్న కథ గురించి. తిట్టినవాడు గెలిచాడు, తిట్టించుకున్నవాడు భయపడి పడిపోయాడు అని చెబుతున్నారు. మా పిల్లలు దాన్నే నేర్చుకుని వస్తున్నారు.

సెకన్లే లెక్కపెడదామంటే నాకేం అభ్యంతరం లేదు. ఆల్డో మొదటి ఫైట్ 2004లో. వయసు 17. అది ముగిసింది 18 సెకన్లలో, తల మీద తన్నిన ఒక్క కిక్‌తో. 2009 జూన్‌లో కబ్ స్వాన్సన్ మీదికి గాల్లోకి లేచి మోకాలు పెట్టాడు, 8 సెకన్లు. స్వాన్సన్ ఆషామాషీ ఆటగాడు కాదు, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పెద్ద పేరున్నవాళ్లతో కొట్లాడాడు. అయినా ఆయన్ని ఎవరూ "8 సెకన్లోడు" అని పిలవరు. మరి ఆల్డోకే ఎందుకీ ముద్ర? లక్ష్మణ్ సున్నాకి అవుటైన క్లిప్ ఒకటి పట్టుకుని, 2001 కోల్‌కతాలో కొట్టిన 281 సంగతి ఎత్తకుండా ఎవరైనా రీల్ చేస్తే మన హైదరాబాదీలు ఊరుకుంటారా?

ఇప్పుడా ముఖం మీద మచ్చ గురించి. ఆల్డో పుట్టింది 1986 సెప్టెంబరులో, అమెజాన్ అడవి మధ్యలో ఉన్న మనౌస్ అనే నగరంలో. పసివాడిగా ఉన్నప్పుడు ఇంట్లో మాంసం కాల్చే నిప్పుల మీద పడ్డాడు, ఎడమ చెంప కాలింది. అదీ ఆ మచ్చ. మీరు జూమ్ చేసి నవ్విస్తున్నది ఒక చంటిపిల్లవాడి కాలిన గాయం మీద. ఈ ఒక్కటి మాత్రం దయచేసి తీసెయ్యండి. మిగతా అన్నిటి గురించీ వాదించుకుందాం.

అందరు బ్రెజిల్ పిల్లల్లాగే ఫుట్‌బాల్ ఆడాలనుకున్నాడు. వీధిలో దెబ్బలు తినకుండా ఉండాలని కపోయెరా, ఆ తర్వాత జియుజిట్సు మొదలుపెట్టాడు. కుర్రతనంలోనే ఇల్లు వదిలి రియోకి వచ్చేశాడు. మనౌస్ నుంచి రియో అంటే విమానం దారిలోనే దాదాపు 2,800 కిలోమీటర్లు, మన శ్రీకాకుళం నుంచి కశ్మీరు కన్నా దూరం. నోవా ఉనియావో అనే జిమ్‌లో, ఆంద్రే పెదెర్నేరాస్ దగ్గర చేరాడు. డబ్బుల్లేక ఆ జిమ్‌లోనే పడుకునేవాడు. పగలు ఏ మ్యాట్ మీద చెమటోడ్చాడో రాత్రి దాని మీదే నిద్ర. ఆ మ్యాట్ల వాసన ఎలా ఉంటుందో మా గదికి ఒక్కసారి వస్తే మీకే తెలుస్తుంది.

అక్కడి నుంచి పైకి రావడానికి మధ్యలో ఒకే ఒక్క ఓటమి, 2005 నవంబరులో. ఆ తర్వాత వరసగా 18 గెలుపులు.

ఆ 18లో నాకు పిచ్చిగా ఇష్టమైనది 2010 ఏప్రిల్ 24న శాక్రమెంటోలో యురైజా ఫేబర్‌తో జరిగిన ఫైట్. ఫేబర్‌కి అది సొంత ఊరు, స్టేడియం మొత్తం ఆయన మనుషులే. అప్పటికి అయిదు నెలల కిందటే ఆల్డో మైక్ బ్రౌన్‌ని రెండో రౌండ్‌లో కొట్టి, అప్పట్లో అమెరికాలో ఈ ఫైట్లు పెట్టే డబ్ల్యూఈసీ అనే సంస్థ ఫెదర్‌వెయిట్ (65.8 కిలోల తూకం) బెల్ట్ తీసుకున్నాడు. ఫేబర్ మీద ఆయన చేసింది చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. ఎడమ కాలి తొడ మీద బయటివైపు కుడి కాలితో తన్నడం. మళ్లీ అదే. కాసేపాగి మళ్లీ అక్కడే. మొదటి రౌండ్ అయ్యేసరికి ఫేబర్ అడుగు మార్చాడు. మూడో రౌండ్‌లో కాలు ఈడుస్తున్నాడు. నాలుగో రౌండ్‌లో కింద పడి లేవలేక, రెండు చేతులూ ఇరుక్కుపోయి ఆల్డో కింద చిక్కుకుపోయాడు. ఫైట్ తర్వాత బయటికొచ్చిన ఫేబర్ తొడ ఫోటోలు చూడండి, పండిన నేరేడు రంగులో ఉంటుంది ఆ తొడ.

ఇందులో పనితనం ఎక్కడుందో చెబుతాను, ఎందుకంటే రీల్‌లో ఇది కనబడదు. కొత్తగా నేర్చుకునేవాడు లో కిక్ కొట్టేముందు కాలు వెనక్కి లాగుతాడు, భుజం తిప్పుతాడు, కళ్లు కిందికి దించుతాడు. ఎదుటివాడికి ఉత్తరం రాసి పెట్టినట్టే, వాడు కాలెత్తి ఎముక అడ్డం పెడతాడు. కొట్టినవాడి కాలే వాస్తుంది. ఆల్డో ముందు చేతులతో పని పెడతాడు. జాబ్ (ముందు చేతితో సూటి గుద్దు), కుడి చెయ్యి, ఆ వెంటనే పొట్టకి ఎడమ హుక్ (పక్కనుంచి వంచి కొట్టే గుద్దు). హుక్‌ని తప్పించుకోవడానికో కాచుకోవడానికో ఎదుటివాడు బరువంతా ముందు కాలి మీద మోపుతాడు. బరువు మోసే కాలిని ఎత్తడం కుదరదు కదా. సరిగ్గా ఆ అర సెకనులో కిక్ వచ్చి పడుతుంది. హుక్ కొట్టినప్పుడు తిరిగిన నడుము వెనక్కి వచ్చే ఊపులోనే కాలు కూడా వస్తుంది కాబట్టి వేరే లాగడం ఉండదు. కుస్తీ నుంచి వచ్చిన ఫేబర్ లాంటివాళ్లు ఎలాగూ ముందు కాలి మీద బరువు పెట్టి నిలబడతారు, కాళ్లు పట్టుకోవడానికి దూకాలి కదా. వాళ్ల అలవాటే వాళ్లకి ఎసరు పెట్టింది.

మా పిల్లలకి ఇది నేర్పడానికి నాకు రెండేళ్లు పడుతుంది. అరవడం నేర్పడానికి మీకు 13 సెకన్లు చాలు. పోటీ మీతో, ఏం చెయ్యను!

2010 చివర్లో డబ్ల్యూఈసీని ఇంకా పెద్ద ఫైట్ల సంస్థ యూఎఫ్‌సీలో కలిపేసినప్పుడు ఆల్డోని యూఎఫ్‌సీ మొట్టమొదటి ఫెదర్‌వెయిట్ చాంపియన్‌గా ప్రకటించారు. టొరంటోలో 55 వేల పైచిలుకు జనం ముందు మార్క్ హోమినిక్, తర్వాత కెన్నీ ఫ్లోరియన్, ఫ్రాంకీ ఎడ్గర్, కొరియన్ జాంబీ అని పిలిచే చాన్ సుంగ్ జుంగ్, రికార్డో లామస్, అందర్నీ ఓడించాడు. డబ్ల్యూఈసీలో రెండు, యూఎఫ్‌సీలో ఏడు, మొత్తం తొమ్మిదిసార్లు ఆ బెల్ట్ కాపాడుకున్నాడు. జుంగ్‌తో ఫైట్‌లో మొదటి రౌండ్‌లోనే ఆల్డో పాదం విరిగింది. తన్నడమే బతుకుగా ఉన్నవాడికి పాదం విరిగితే ఏం చేస్తాడు? జాబ్ మీద, కుస్తీ మీద నడిపించాడు. నాలుగో రౌండ్‌లో జుంగ్ భుజం జారితే, ఆ భుజం మీదే, విరిగిన పాదాన్ని లెక్కచెయ్యకుండా తన్నాడు. దయాగుణం అనను. పని అంటాను.

మచ్చలేని మహానుభావుడని చెప్పడం లేదు. 2012 జనవరిలో రియోలో చాడ్ మెండెస్‌తో ఫైట్‌లో, మెండెస్ వెనక నుంచి నడుం పట్టుకుని ఎత్తి పడెయ్యబోతే ఆల్డో బోను కంచె పట్టుకున్నాడు. రూల్ ప్రకారం తప్పు. రిఫరీ హెచ్చరించి వదిలేశాడు. ఆ తర్వాత కాసేపటికే, మొదటి రౌండ్‌కి ఒకే ఒక్క సెకను మిగిలుండగా, వెనక్కి తిరిగి పెట్టిన మోకాలికి మెండెస్ పడిపోయాడు. ఆల్డో బోనులోంచి దూకి జనంలోకి పరిగెత్తాడు, జనం భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ దృశ్యం చూస్తే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, కంచె పట్టుకున్న చెయ్యి కూడా గుర్తొస్తుంది. రెండూ నిజమే. మెండెస్ అభిమానులు దాని గురించి గొణిగితే నేను మాట్లాడను. దానికి జవాబు 2014 అక్టోబరులో అదే రియోలో, మరకనాజిన్యో స్టేడియంలో దొరికింది. అదే మెండెస్‌తో అయిదు రౌండ్లూ. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు కింద పడేశారు, లేచారు. ముగ్గురు జడ్జీలూ 49-46తో ఆల్డోకే ఇచ్చారు. మీ రీల్స్‌లో ఆ ఫైట్ ముక్క ఒక్కటి కూడా నాకు కనబడలేదు. 25 నిమిషాలు చూసే ఓపిక ఎవరికుంది అంటారేమో. నా దగ్గరికి వచ్చే పిల్లలకి చూపిస్తే నోరెత్తకుండా చూశారు, మధ్యలో ఒకడు మాత్రం బజ్జీలు తేవడానికి వెళ్లాడు.

ఇక మీకిష్టమైన ఘట్టం. 2015 మార్చిలో ఆ ఫైట్ ప్రచారం కోసం ఇద్దర్నీ వేదికలెక్కించి దేశాలు తిప్పారు. రియోలో మొదలై డబ్లిన్‌లో ముగిసింది. రియోలో మెక్‌గ్రెగర్ ఆల్డో బొమ్మ మీద డార్ట్‌లు విసిరాడు. వేరే కాలమైతే గుర్రమెక్కి ఆల్డో ఉండే మురికివాడ మీదికి దండెత్తి పనికిరానివాళ్లని చంపేసేవాణ్ణని కూడా అన్నాడు. మీలో ఒకాయన దీనికి తెలుగు డబ్బింగ్ చెప్పి మాస్ డైలాగ్ అని పెట్టాడు. ఒక్కసారి ఆగి వినండి. ఒక తెల్లవాడు గుర్రమెక్కి వచ్చి, పేదల పేటలో పనిచెయ్యలేనివాళ్లని ఏరి చంపడం గురించి వేళాకోళం. వలస పాలన సంగతులు తాతల నోట విన్న మనకి అందులో మాస్ ఎక్కడ కనబడింది? డబ్లిన్‌లో బల్ల మీదున్న ఆల్డో బెల్ట్ లాక్కుని ఎత్తి చూపించాడు. ఆల్డో లేచాడు, మనుషులు అడ్డంపడ్డారు. అక్కడ మీరు ఆల్డో కళ్ల మీద ఫ్రేమ్ ఆపి "భయం" అని రాశారు. నాకు కనిపించింది ఒళ్లు మండిన మనిషి.

జులైలో జరగాల్సిన ఫైట్ ఆల్డో పక్కటెముక దెబ్బతో ఆగింది. "తప్పించుకున్నాడు" అని దానికీ ఒక రీల్ ఉంది. డిసెంబరులో మళ్లీ పెట్టారు. గంట కొట్టగానే ఆల్డో రెండు మూడు అడుగులు కొలిచి, ఎడమ హుక్ కోసం ఒక్కసారిగా ముందుకు దూకాడు. మెక్‌గ్రెగర్ సగం అడుగు వెనక్కి వేస్తూ ఎడమ చెయ్యి గడ్డం మీద పెట్టాడు. ఆల్డో హుక్ కూడా తగిలింది, కానీ అప్పటికే స్పృహ పోయిన చెయ్యి అది. ఆల్డో తనమీదికి అతిగా దూసుకొస్తాడని మెక్‌గ్రెగర్ ముందే చెప్పాడు, అలాగే జరిగింది. గెలిచాక ఆయన చెప్పిన మాట ఏమిటంటే, బలాన్ని గురి గెలుస్తుంది, వేగాన్ని టైమింగ్ గెలుస్తుంది అని. చూశారా, గెలిచినవాడు కూడా తిట్ల గురించి చెప్పుకోలేదు, సగం అడుగు గురించి చెప్పుకున్నాడు. మీ రీల్ ఆల్డోకే కాదు, మెక్‌గ్రెగర్‌కి కూడా అన్యాయం చేస్తోంది. ఆ సగం అడుగు వెనక ఎంత సాధన ఉందో మీరు బీజీఎం కింద కప్పెట్టేశారు.

మరి ఆ తొమ్మిది నెలల తిట్లు ఆల్డో మీద అసలు పనిచెయ్యలేదా? చేసే ఉంటాయి. ఎప్పుడూ ఎదుటివాణ్ణి రానిచ్చి ఆడే మనిషి ఆ రోజు అంత తొందరపడ్డాడంటే నాకూ అనుమానమే. కానీ అదే తిట్లు ఎడమ చెయ్యి లేనివాడి నోట్లో ఎందుకూ పనికిరావు. మా గదిలోని పదహారేళ్లవాడికి ఉన్నది తిట్లే, ఆ చెయ్యి ఇంకా రాలేదు.

ఇంకో సంగతి కూడా కలపండి మీ రీల్‌లో. మెక్‌గ్రెగర్ ఆ ఫెదర్‌వెయిట్ బెల్ట్‌ని ఒక్కసారి కూడా కాపాడుకోలేదు. 2016 నవంబరులో అది ఆయన దగ్గర్నుంచి పోయింది. ఆ జులైలోనే ఫ్రాంకీ ఎడ్గర్‌ని రెండోసారి ఓడించి మధ్యంతర చాంపియన్ అయిన ఆల్డోకే తిరిగి వచ్చింది. మధ్యలో ఆల్డో మెక్‌గ్రెగర్‌తో మళ్లీ ఫైట్ కావాలని ఎన్నిసార్లు అడిగాడో. ఇవ్వలేదు. విసిగిపోయి నన్ను వదిలెయ్యండి, నేను పోతాను అన్నాడు.

అరిచేవాడికి ఎందుకంత గిరాకీ అన్నది కూడా కొంచెం ఆలోచించాలి. యూఎఫ్‌సీ కంపెనీ ఫైటర్లకి పంచేది తక్కువని, పోటీ లేకుండా చేసి జీతాలు తొక్కిపెట్టిందని కొందరు ఫైటర్లు 2014 డిసెంబరులో కోర్టుకి వెళ్లారు. పదేళ్లు నడిచింది. ఒక ఒప్పందాన్ని జడ్జి చాలదని తిప్పికొడితే, చివరికి 37.5 కోట్ల డాలర్లకి కుదిరి 2025లో ఖాయమైంది. 2010 డిసెంబరు నుంచి 2017 జూన్ దాకా ఫైట్ చేసినవాళ్ల కోసం అది. ఆల్డో చాంపియన్‌గా ఉన్న యూఎఫ్‌సీ ఫైట్లన్నీ సరిగ్గా ఆ ఏళ్లలోవే. టికెట్లు అమ్మేది నోరు అయినప్పుడు నోరున్నవాడికి ఎక్కువ ముడుతుంది. ఆల్డో ఆ పని రానివాడు. జీతాల గురించి మాత్రం చాంపియన్‌గా ఉండగానే పైకి మాట్లాడాడు, మాట్లాడితే నష్టమని తెలిసీ.

2017లో మాక్స్ హాలోవే రియోలోనే ఆల్డోని మూడో రౌండ్‌లో కొట్టి బెల్ట్ తీసుకున్నాడు. డిసెంబరులో ఎడ్గర్‌కి గాయమైతే ఆ ఖాళీలో ఆల్డో మళ్లీ దిగి, మళ్లీ మూడో రౌండ్‌లోనే ఓడిపోయాడు. ఈ రెండూ నాకు 13 సెకన్ల కన్నా ఎక్కువ బాధ పెట్టాయి. అదైతే కరెంటు పోయినట్టు పోయింది. హాలోవే మాత్రం రౌండు రౌండుకీ ఆయన్ని ముసలివాణ్ణి చేశాడు.

అక్కడితో చాలామంది లెక్క ముగించేశారు. నేను కూడా. 2018 జులైలో కాల్గరీలో జెరెమీ స్టీఫెన్స్‌ని లివర్ మీద ఒక్క ఎడమ హుక్‌తో కూలదోసి, ఆల్డో చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దాదాపు అయిదేళ్లుగా జడ్జీల దాకా పోకుండా ఫైట్ ముగించి గెలిచింది లేదు మరి. తర్వాత వోల్కనోవ్‌స్కీ చేతిలో పాయింట్ల మీద ఓడాక, 33 ఏళ్ల వయసులో బాంటమ్‌వెయిట్‌కి, అంటే 61.2 కిలోలకి దిగాడు. వయసు పెరిగేకొద్దీ అందరూ బరువు పెంచుకుంటూ పైకి వెళ్తారు, ఈయన కిందికి వచ్చాడు. తూకం రోజు ఆ చెంపలు చూసి మా ఆవిడ "ఈయనకి అన్నం పెట్టేవాళ్లు లేరా" అంది. 2020 జులైలో అబుదాబిలో పీటర్ యాన్‌తో బెల్ట్ కోసం అయిదో రౌండ్ దాకా వెళ్లి చావు దెబ్బలు తిన్నాడు. రిఫరీ చాలా ఆలస్యంగా ఆపాడు. నేను టీవీ ముందు "ఆపండ్రా" అని అరిచాను. ఇప్పుడు ఆపేస్తాడులే అనుకున్నాను. మార్లన్ వేరాని గెలిచాడు. పెడ్రో మున్యోజ్‌ని గెలిచాడు. 2021 డిసెంబరులో రాబ్ ఫాంట్‌ని అయిదు రౌండ్లు ఆడి గెలిచాడు. వరసగా మూడు. వయసు 35.

2022 ఆగస్టులో మెరాబ్ ద్వాలిష్విలితో ఓడిపోయాడు. కానీ ఆ ఫైట్ కూడా మా గదిలో పాఠమే. మెరాబ్ అంటే కాళ్లు పట్టుకోవడంలో ఈ కాలపు రాక్షసుడు. ఆ రోజు 16 సార్లు ప్రయత్నించాడు, ఒక్కసారి కూడా ఆల్డోని కింద పడెయ్యలేకపోయాడు. కబడ్డీ చూసేవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. కూతకి వెళ్లినవాడి చీలమండ దొరికాక కూడా నడుము తిప్పి గీత దగ్గరికి జారిపోతాడు చూడండి, అలా. మెరాబ్ చెయ్యి తొడ మీద పడీ పడగానే ఆల్డో చంక కింద చెయ్యి దూర్చి, తుంటి పక్కకి తిప్పి, కాలు మెత్తగా వదిలేసి లాగేసుకుంటాడు. బలం పెట్టడు. తర్వాత మెరాబ్ చాంపియన్ అయ్యి ఎంతమందిని చేపల్ని విసిరినట్టు విసిరాడో మీకు తెలుసు కదా. ఆ 16 ముక్కలూ వరసగా పేర్చండి, ఎంత మంచి రీల్ అవుతుందో.

ఆ ఓటమి తర్వాత మానేశానన్నాడు. కొన్నాళ్లు బాక్సింగ్ చేశాడు, 2023లో యూఎఫ్‌సీ గొప్పవాళ్ల జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. విగ్రహం పెట్టాక మనిషి మళ్లీ పొలంలోకి దిగినట్టు, 2024 మేలో రియోలో తిరిగి వచ్చాడు, 37 ఏళ్లకి. ఎదురుగా జొనాథన్ మార్టినెజ్, లో కిక్‌లతోనే మనుషుల్ని కుంటివాళ్లని చేసి గెలిచే కుర్రాడు. పైగా మొదట్లో చెప్పిన కబ్ స్వాన్సన్‌ని కూడా అలాగే కొట్టాడు. లో కిక్ ఏలిన రాజుకి లో కిక్‌తోనే పరీక్ష పెట్టారన్నమాట. ఆల్డో కాలెత్తి కాచాడు, చేతులతో జవాబిచ్చాడు, జడ్జీలు ముగ్గురూ ఆయనకే రాశారు.

2025 మే 10న మాంట్రియల్‌లో చివరిది. బరువు తగ్గించుకోలేక ఆఖరి నిమిషంలో ఫైట్‌ని ఫెదర్‌వెయిట్‌కి మార్చాల్సి వచ్చింది. అయిమన్ జహాబీని మూడో రౌండ్‌లో దాదాపు ముగించేశాడు. ముగించలేకపోయాడు. అవతలివాడు తేరుకుని కింద పడేసి మోచేతులతో కొట్టాడు. పాయింట్ల మీద ఓటమి. గ్లవ్స్ విప్పి కింద పెట్టాడు. 32 గెలుపులు, 10 ఓటములు. ఇరవై ఏళ్ల పైచిలుకు.

మీతో నా పని ఇదీ. మచ్చ జూమ్ తీసెయ్యండి, గుర్రం డైలాగ్ తీసెయ్యండి. 13 సెకన్లు ఉంచండి, కానీ దాని వెనకాలే ఫేబర్ ఫైట్ మూడో రౌండో, మెరాబ్ ఫైట్‌లోని ఆ 16 సార్లో ఏదో ఒకటి పెట్టండి. వ్యూస్ రావంటారని తెలుసు. మా పదహారేళ్లవాడికి ఫేబర్ ఫైట్ పూర్తిగా చూపించాను. చూశాక వాడు అడిగింది ఒకటే, "సార్, ఆయన కాలు ఎందుకు ఎత్తలేకపోయాడు?" అని. హుక్ గురించి, బరువు గురించి ఆ రోజు గంటసేపు చెప్పాను. ఇప్పుడు వాడు కాలెత్తుతున్నాడు. పదిసార్లలో నాలుగుసార్లు. చేతులూపుకుంటూ తిరగడం ఇంకా మానలేదు, దానికి టైమ్ పడుతుంది.

ఎడిటింగ్ నాకు రాదు. ఏ ఫైట్‌లో ఏ నిమిషం దగ్గర ఏం చూడాలో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను, పదేళ్లనాటిది. నా చేతిరాత అర్థం చేసుకోగలిగితే అది మీకిస్తాను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా గదిలోనే ఉంటాను.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక కిక్‌బాక్సింగ్ కోచ్